రాత్రి ఒంటిగంటన్నర దాకా నిద్ర పట్టదు, ఉదయం లేవలేను. పది రోజుల్లో సరిచేసుకోవడం ఎలా?

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. నీకు పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. కాలేజీ బస్సు 6:45కి వస్తుంది కాబట్టి 5:45కి లేవాలి. తిరిగి ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు. రాత్రి పదిన్నరకే పడుకుంటావు గాని ఒంటిగంటన్నర దాకా పైకప్పు చూస్తూ ఉంటావు. క్లాసులో కునికిపాట్లు. ఆదివారం పదకొండింటి దాకా లేవవు, దానికి ఇంట్లో అక్షింతలు. పది రోజుల్లో దీన్ని సరిచేయవచ్చా, నిద్ర కోసం అమ్మే మెలటోనిన్ గమ్మీలు (మిఠాయిల్లా నమిలేవి) కొనుక్కోవచ్చా అని నీ ప్రశ్న.

నేను డాక్టరును కాను. జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు హాస్టల్ బాధ్యత కూడా నా నెత్తిన ఉండేది. నిద్ర చాలని పదహారేళ్ల పిల్లల్ని నేను చూసినంత దగ్గరగా డాక్టర్లు కూడా చూసి ఉండరు, ఎందుకంటే వాళ్ల దగ్గరికి పిల్లలు పగలు వెళతారు, నేను అర్ధరాత్రి వరండాలో చూశాను. మా అమ్మాయికంటే చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

సూటిగా జవాబు చెబుతాను. ఎన్నింటికి పడుకోవాలన్న పట్టుదల కొన్నాళ్లు వదిలెయ్. ఎన్నింటికి లేవాలన్నది మాత్రం గట్టిగా పట్టుకో, ఆదివారంతో సహా. లేచిన అరగంటలోపు ఆరుబయట వెలుతురులోకి వెళ్లు. సాయంత్రం ఇంటికి రాగానే తీసే కునుకు మానెయ్. కునుకు తీస్తున్నట్టు నువ్వు రాయలేదు, కానీ తీస్తున్నావనే నా అనుమానం. ఇవి చేస్తే సుమారు మూడు వారాల్లో నిద్ర ఇప్పటికంటే త్వరగా పడుతుంది. పది రోజుల్లో మాత్రం జరగదు. గమ్మీలు వద్దు.

ఇక కారణాలు.

యుక్తవయసు మొదలయ్యాక మెదడు మెలటోనిన్‌ను విడుదల చేసే వేళ ఆలస్యమవుతుంది. చిన్నప్పటితో పోలిస్తే గంట నుంచి రెండు గంటల దాకా. మెలటోనిన్ అంటే ఒంటికి ‘చీకటి పడింది’ అని చాటే దండోరా అనుకో. పదేళ్లప్పుడు తొమ్మిదింటికల్లా సోలిపోయిన పిల్లే పదహారేళ్లకు పదకొండు దాటినా చురుగ్గా ఉంటుంది. పగలంతా మెలకువగా ఉన్నందుకు పోగయ్యే నిద్ర బరువు కూడా ఈ వయసులో నెమ్మదిగా పెరుగుతుంది. ఇరవై ఏళ్ల దాకా ఇలాగే సాగి, ఆ తరవాత మెల్లగా వెనక్కి తిరుగుతుంది. మీ అమ్మగారు దీన్ని బద్ధకం అంటున్నారని రాశావు. ఆవిడ తప్పు లేదు. నేనూ మొదటి నాలుగేళ్లు అలాగే అనుకుని పిల్లల్ని తిట్టాను.

మేరీ కార్స్‌కడన్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వేసవి శిబిరాలు పెట్టి, అవే పిల్లల్ని ఏటేటా పిలిపించి నిద్రను కొలిచారు. పెద్దయ్యేకొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అప్పట్లో అందరి అంచనా. తగ్గలేదు. రాత్రికి పది గంటలు పడక మీద ఉండనిస్తే పెద్ద పిల్లలు కూడా తొమ్మిది గంటలకు పైగానే నిద్రపోయారు. పైగా పగటిపూట మగత యుక్తవయసు మధ్యలోనే ఎక్కువైంది. కాబట్టి ‘పెద్దదానివయ్యావు, ఆరు గంటలు చాలు’ అనే మాటకు ఆధారం లేదు. అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2016లో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలని చెప్పింది.

మరి పదిన్నరకే పడుకుంటే నిద్ర ఎందుకు రాదు? ఇక్కడే చాలామంది పొరబడతారు. రోజూ నిద్ర పట్టే వేళకు ముందు రెండు మూడు గంటలపాటు మెదడు అన్నిటికంటే ఎక్కువ మేలుకొని ఉంటుంది. నిద్ర పరిశోధకులు దాన్ని నిద్రకు నిషిద్ధ సమయం అంటారు. నీకు ఒంటిగంటన్నరకు నిద్ర పడుతోందంటే, పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నీ నిషిద్ధ సమయమే. సరిగ్గా మూసిన తలుపు ముందుకే వెళ్లి రోజూ కూర్చుంటున్నావు. అంతటితో అయిపోదు. మూడు గంటలు అటూ ఇటూ దొర్లుతూ రేపటి వీక్లీ టెస్టు గురించి కుమిలితే, కొన్నాళ్లకు మంచం చూడగానే మెదడు ‘ఆలోచించే చోటు వచ్చింది’ అనుకోవడం మొదలుపెడుతుంది. సోఫాలో తూగుతున్న పిల్ల మంచం ఎక్కగానే కళ్లు విప్పార్చుకోవడం నువ్వు గమనించే ఉంటావు.

నిద్రను రమ్మంటే రాదు. లేవడం మాత్రం అలారం చేతిలోనో అమ్మ చేతిలోనో ఉంటుంది. అందుకే పట్టు దొరికే చివర పట్టుకోమంటున్నాను.

మన లోపలి గడియారానికి ఒక రోజు అంటే ఇరవై నాలుగు గంటలకంటే పది పన్నెండు నిమిషాలు ఎక్కువ. ఉదయపు వెలుతురుతో రోజూ దాన్ని సరిచేయకపోతే తనంతట తానే రోజురోజుకూ ఆలస్యమవుతూ పోతుంది. ఆలస్యంగా పడుకోవడం అంత తేలిక, త్వరగా పడుకోవడం అంత కష్టం కావడానికి ఇది ఒక కారణం.

నీ లెక్కే చూద్దాం. సోమవారం నుంచి శనివారం దాకా 1:30కి నిద్రపట్టి 5:45కి లేస్తున్నావు. అంటే నాలుగుంపావు గంటలు. నిద్రకు నడిమి వేళ సుమారు 3:40. ఆదివారం 1:30 నుంచి 11 దాకా. నడిమి వేళ 6:15. రెండిటికీ తేడా సుమారు రెండున్నర గంటలు. సౌదీ గడియారం మన గడియారంకంటే వెనక ఉండేది కూడా రెండున్నర గంటలే. అంటే నీ ఒళ్లు ప్రతి ఆదివారం సౌదీ వెళ్లి, సోమవారం 5:45కల్లా తిరిగొచ్చి బస్సెక్కుతోంది. ఏడాదికి యాభై రెండుసార్లు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన బంధువులు మొదటి రెండు మూడు రోజులు ఎలా ఉంటారో చూశావు కదా. నువ్వు బుధవారానికి కాస్త కుదుటపడేసరికి మళ్లీ ఆదివారం వచ్చేస్తుంది.

కాబట్టి ఆదివారం ఉదయం ఏడు దాటాక మంచం మీద ఉండకు. గంటంబావు మినహాయింపు ఇస్తున్నాను, ఇంకా ఎక్కువ కావాలంటే మధ్యాహ్నం భోజనం చేశాక, మూడింటిలోపు, గంటసేపు పడుకో. ఉదయం పొడిగించిన నిద్ర గడియారాన్ని జరిపేస్తుంది. మధ్యాహ్నపు కునుకుతో ఆ బెడద చాలా తక్కువ.

వెలుతురు మాట. కంటి రెటీనాలో చూపుతో పెద్దగా పనిలేని కణాలు కొన్ని ఉంటాయి. వెలుతురు, అందులోనూ నీలి వెలుతురు తగిలితే మెదడులో హైపోథలామస్ అనే చోట ఉన్న గడియారానికి కబురు పంపడం వాటి పని. (బైపీసీ కాబట్టి ఈ పేరు నీకు భయం లేదు: సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్.) ఇంట్లో ట్యూబులైటు వెలుతురు రెండు మూడు వందల లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటుంది. మబ్బు పట్టిన రోజైనా డాబా మీద కొన్ని వేల లక్స్ ఉంటుంది. ఇంట్లో కూర్చోవడానికీ ఆరుబయట నిలబడడానికీ అంత తేడా. బ్రష్ నోట్లో పెట్టుకుని డాబా ఎక్కు, పదిహేను ఇరవై నిమిషాలు ఉండు. సూర్యుడి వైపు చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. డిసెంబరు, జనవరిలో నువ్వు లేచే వేళకు చీకటే కదా. అప్పుడు బస్సులో తూర్పు వైపు కిటికీ పక్కన కూర్చో, తెర వేయకు, చున్నీ ముఖం మీద కప్పుకుని నిద్రపోకు. బస్సులో నిద్ర మానమనడం క్రూరంగా ఉందని తెలుసు. మూడు వారాలే.

సాయంత్రపు కునుకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డే స్కాలర్ల విషయంలో నేను చూసిన వాటిలో సగానికి సగం అసలు దొంగ ఇదే. నా దగ్గరికి ఎవరైనా నిద్ర పట్టడం లేదని వస్తే ముందు ఒక వారం పద్దు రాయమంటాను. లెక్కల నోటుబుక్కులో ఒక పేజీ, నాలుగు గళ్లు: లేచిన వేళ, మంచమెక్కిన వేళ, నిద్ర పట్టిందనుకున్న వేళ, పగటి కునుకు. ఒక అబ్బాయి వారం తరవాత తెచ్చిన పేజీలో నాలుగో గడి ఐదు రోజులు ఖాళీ. ఆరో రోజు మాత్రం వేరే చేతిరాత, వణుకుతున్న గుండ్రని అక్షరాలు: ‘రోజూ 7:20 నుంచి 8:45, టీవీ ముందు, చొక్కా కూడా మార్చకుండా.’ వాళ్ల నాయనమ్మ రాసింది. వాడు దాన్ని నిద్ర కింద జమకట్టలేదు, ‘అలా ఒరిగాను సార్’ అన్నాడు. గంటన్నర సేపు ఒరిగినవాడికి పదకొండింటికి నిద్ర ఎలా వస్తుంది? రోజంతా పోగైన నిద్ర బరువును సాయంత్రమే దించేసుకున్నాడు. ఆకలేసి హోటల్లో బజ్జీలు తిన్నవాడు ఇంట్లో అన్నం ముందు కూర్చున్నట్టు.

ఇంటికి రాగానే కూర్చోకు. స్నానం చెయ్, బట్టలు మార్చుకో, పది నిమిషాలు వీధి చివరిదాకా నడిచిరా, అమ్మకు కూరలు తరిగిపెట్టు. ఏడు నుంచి ఎనిమిది దాకా వీపు దేనికీ ఆనకుండా గడిపితే చాలు. అస్సలు ఆగలేకపోతే కాలేజీలో మధ్యాహ్నం అన్నం తిన్నాక బెంచీ మీద తల వాల్చి ఇరవై నిమిషాలు పడుకో. అంతకుమించితే గాఢనిద్రలోకి జారి, లేచాక అరగంట మత్తు వదలదు.

టీ, కాఫీ మధ్యాహ్నం మూడు తరవాత వద్దు. ఇది నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను. మా హాస్టల్లో పరీక్షల కాలంలో రాత్రి తొమ్మిదిన్నరకు టీ ఇచ్చేవాళ్లం. స్టడీ అవర్ చివరి గంటలో పిల్లలు తూలకూడదని. వంట మాస్టారు అల్లం దంచి వేసి, చిక్కటి పాలతో, రెండు చేతులా మోయాల్సిన అల్యూమినియం కెటిల్‌లో తెచ్చేవాడు. పిల్లలు గ్లాసులు గలగలలాడిస్తూ వరసలో నిలబడేవారు. పదకొండింటికి లైట్లు ఆర్పేవాళ్లం. పన్నెండున్నరకు నేను వరండాలో నడుస్తుంటే ప్రతి గదిలోనూ గుసగుసలు. రెండేళ్లు దాన్ని క్రమశిక్షణ లోపం అనుకున్నాను. ఒక రోజు క్లాసులో కెఫీన్ గురించి చెబుతూ, ఒంట్లో సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుందని బోర్డు మీద రాసి, అలాగే ఆగిపోయాను. తొమ్మిదిన్నర టీలో సగం తెల్లవారుజామున రెండున్నరకు కూడా వాళ్ల ఒంట్లోనే ఉంటుంది. పోసింది మేము, తిట్టేది వాళ్లని.

టీ బదులు వేడి పాలు పెట్టించాను. అద్భుతాలేమీ జరగలేదు. స్టడీ అవర్లో తూగేవాళ్లు ఎక్కువయ్యారు, ప్రిన్సిపాల్ గారికి నచ్చలేదు, వంట మాస్టారు పది రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. కానీ అర్ధరాత్రి గుసగుసలు తగ్గాయి. తూగడం ఎక్కువైందన్న దాన్నే చూపించి స్టడీ అవర్‌ను పదింపావుకు ముగించేలా ఒప్పించగలిగాను. కప్పు టీలో 30 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇప్పుడు పిల్లలు తాగుతున్న ఎనర్జీ డ్రింకు డబ్బాల్లో 250 మిల్లీలీటర్లకు 75 దాకా ఉంటుంది. అది ఎప్పుడూ తాగకు.

ఫోను గురించి అందరూ చెప్పేదే కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్క మాట: తెర నుంచి వచ్చే నీలి వెలుతురుదే మొత్తం పాపం అన్నట్టు చెబుతారు, నాకు అలా అనిపించదు. తెర రంగును పసుపుకు మార్చి అర్ధరాత్రి దాకా రీల్స్ చూసేవాళ్లు నాకు తెలుసు. ఆ వెలుతురుకంటే ‘ఇంకొక్కటి’ అనిపించే గుణం ప్రమాదం. మేము ఫోన్లన్నీ ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసిన సంవత్సరం కూడా పిల్లలు మేలుకునే ఉన్నారు, కబుర్లతో. ఫోను తీసేసినంత మాత్రాన నిద్ర రాదు, ఫోను ఉంటే మాత్రం వచ్చే నిద్ర కూడా దాటిపోతుంది. వంటింట్లో ఫ్రిజ్ పక్కన ఛార్జింగు పెట్టు. అలారం కోసమే ఫోను కావాలి అంటావు, ఆ సాకు నాకు కొత్త కాదు. గడియారాల షాపులో రెండు మూడు వందలకు అలారం వస్తుంది. దాని ముఖం గోడవైపు తిప్పి పెట్టు, రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఎంతైందో చూసుకుంటే లెక్కలు మొదలవుతాయి, ‘ఇంకా మూడు గంటలే’ అని.

ఇప్పుడు పడుకునే వేళను ఎలా జరపాలో చూద్దాం. మొదటి రెండు రోజులు 12:30 దాకా మంచం ఎక్కకు. తరవాత రెండు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపు: 12:15, 12:00, 11:45. అలా 10:15కు చేరడానికి పద్దెనిమిది రోజులు. ఈలోగా రెప్పలు నిజంగా వాలిపోతుంటే వేళ చూడకుండా ముందే పడుకో, అది మంచి సూచనే. పడుకున్నాక ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే (గడియారం చూడకుండా, ఉజ్జాయింపుగా) లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చుని విసుగు పుట్టించేది ఏదైనా చదువు. ఆవలింతలు వచ్చాక మళ్లీ వెళ్లు. మంచం మీద చదవడం, తినడం, ఫోను మాట్లాడడం పూర్తిగా మానెయ్. పడుకునే ముందు రేపటి పనులు ఒక చీటీ మీద రాసి పుస్తకాల సంచిలో పెట్టు. మనసులో తిరిగేవి కాగితం మీదికి వెళ్లాక తలకు మోయాల్సినది తగ్గుతుంది.

మొదటి వారం ఇప్పటికంటే ఘోరంగా ఉంటుంది. ఆ వారం స్కూటీ నడపకు.

లెక్క ఇలా తేలుతుంది. ఇప్పుడు నువ్వు వారానికి 35 గంటలు నిద్రపోతున్నావు, ఆదివారపు తొమ్మిదిన్నర గంటలు కలుపుకొని. 10:15కు నిద్రపోయి 5:45కు లేస్తే ఏడున్నర. ఆరు రాత్రులకు 45, శనివారం రాత్రి ఎనిమిదిముప్పావు, మొత్తం 53 దాటుతుంది. మధ్యాహ్నపు కునుకులు అదనం. ఇది కూడా ఆదర్శం కాదు. ఎనిమిది గంటల కనీసానికి కాస్త తక్కువే. 6:45 బస్సు ఉన్నంతకాలం అంతకుమించి నీ చేతిలో లేదు, ఆ తప్పు నీది కాదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ 2014లోనే ఉన్నత పాఠశాలలు 8:30కంటే ముందు మొదలుపెట్టవద్దని చెప్పింది. సియాటిల్ నగరంలో 2016లో బడి వేళను 7:50 నుంచి 8:45కు మారిస్తే పిల్లల నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది. సమయం దొరికింది కదా అని వాళ్లు అంతకంతా ఆలస్యంగా పడుకోలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఇందుకు 2019లో చట్టమే చేసి 2022 జూలై నుంచి అమలు చేసింది. మన దగ్గర ఏడింటికి మొదటి పీరియడ్ పెట్టడం గొప్పగా ప్రచారం చేసుకుంటారు. ఈ విషయంలో నేను స్టాఫ్ మీటింగుల్లో చాలాసార్లు ఓడిపోయాను.

నువ్వు అడగలేదు గాని ఇంట్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితే బుర్రకెక్కుతుంది అని. మా తాతగారూ అలాగే చదివారు. కానీ ఆ కాలంలో దీపం పెట్టాక అన్నం తిని ఎనిమిదింటికి పడుకునేవారు. ఎనిమిది నుంచి నాలుగు దాకా ఎనిమిది గంటలు. మనం ఆ అలవాటులో సగమే తీసుకున్నాం, లేచే సగం. కలలు వచ్చే నిద్రలో ఎక్కువ భాగం రాత్రి చివరి గంటల్లోనే ఉంటుంది, నాలుగింటికి లేస్తే తెగిపోయేది అదే. పగలు చదివినవి మెదడులో స్థిరపడేది నిద్రలో. పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేచి చదవడం అంటే, ఆరబెట్టిన బియ్యాన్ని ఎత్తకుండానే మళ్లీ పైన కొత్త బియ్యం పోయడం.

పరీక్షల ముందు నైటవుట్లు చేసేవాళ్లకు క్లాసులో ఒక కథ చెబుతాను. 1963 డిసెంబరు చివర మొదలుపెట్టి 1964 జనవరి దాకా, అమెరికాలోని శాండియాగోలో ర్యాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు సైన్స్ ఫెయిర్ కోసం 264 గంటలు, అంటే పదకొండు రోజులు, నిద్ర లేకుండా ఉన్నాడు. చివర్లో వందలోంచి ఏడు చొప్పున తీసివేస్తూ పొమ్మన్నారు. 65 దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆగావంటే, ఏం చేస్తున్నానో మరిచిపోయానన్నాడు. నీకు పదకొండు రోజులు అక్కర్లేదు, నెగెటివ్ మార్కులున్న పరీక్షలో అలాంటి క్షణాలు నాలుగు చాలు. అరణ్యవాసంలో లక్ష్మణుడి నిద్రను ఊర్మిళ తన వంతుగా పుచ్చుకుందని మన ఇళ్లలో చెబుతారు. మనకు అలా వంతు పుచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

గమ్మీల మాట. మెలటోనిన్ హార్మోను. మిఠాయిలా కనిపించినంత మాత్రాన మిఠాయి కాదు. దాని ప్రభావం మోతాదుకంటే వేసుకునే వేళ మీద ఎక్కువ ఆధారపడుతుంది, తప్పు వేళకు వేసుకుంటే గడియారం తప్పు వైపుకు జరుగుతుంది. కొందరు పిల్లలకు డాక్టర్లు ఇస్తారు, ఆ నిర్ణయం వాళ్లది. దగ్గు మందు తాగితే నిద్ర వస్తుందని హాస్టల్లో ఒక విద్య ప్రచారంలో ఉండేది, అది అసలే వద్దు. చాలా దగ్గు మందుల్లో ఉండే అలర్జీ మందు మత్తునిస్తుంది, మర్నాడు పొద్దుటి దాకా వదలదు.

కొన్నిటికి ఈ చిట్కాలు పనిచేయవు, డాక్టరు దగ్గరికే వెళ్లాలి. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవడం, తగినంత నిద్రపోయినా పగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారడం, రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. చివరిది నిద్ర సమస్యలా కనిపించే మనసు సమస్య. దానికి 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరుకు ఫోను చేయవచ్చు, ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి ఉంది, ఆడపిల్లవు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. మా హాస్టల్లో ఒక అమ్మాయి రోజూ పదకొండు దాటాక వరండాలో పచార్లు చేసేది. వార్డెన్ ఆమె దగ్గర దొంగ ఫోను ఉందని పెట్టె వెతికింది, నేనూ వెతకమన్నాను. ఏమీ దొరకలేదు. పిలిచి అడిగితే తల వంచుకుని, ‘కాళ్లు ఊరుకోవు సార్, లోపల చీమలు పాకినట్టు ఉంటుంది, నడిస్తేనే తగ్గుతుంది’ అంది. ఇంట్లో చెబితే నవ్వారట. డాక్టరు రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ తక్కువ, ఇనుము నిల్వలు ఇంకా తక్కువ. మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు కాళ్లు ఊరుకున్నాయి, నిద్రా పట్టింది. పెట్టె వెతికినందుకు ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల ఆడపిల్లల్లో పదిమందికి దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. నీకు కాళ్లలో అలాంటిదేమైనా ఉంటే, లేదా మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, ముందు ఆ పరీక్ష చేయించుకో. ఐరన్ మాత్ర టీతో కలిపి వేసుకోవద్దు, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు.

మీ అమ్మగారికి ఇది చదివి వినిపించు. అమ్మా, ఆదివారం పదకొండింటి దాకా పడుకున్నందుకు తిట్టకండి, కానీ ఏడింటికి లేపండి. లేపడం, తిట్టడం వేరువేరు పనులు. రాత్రి పదింటికి ‘ఇంకా పడుకోలేదా’ అని మూడు వారాలపాటు అడగకండి. ఆ వేళకు ఇంట్లో పెద్ద లైట్లు ఆర్పేసి, టీవీ గొంతు తగ్గిస్తే అంతకంటే ఎక్కువ సాయం చేసినట్టు. వేసవిలో గది వేడెక్కి ఉంటే గోరువెచ్చటి నీళ్లతో స్నానం, దోమతెర, కుదిరితే డాబా మీద పడక. ఒంటి వేడి తగ్గితే గాని నిద్ర పట్టదు.

వచ్చే వారం యూనిట్ టెస్టులు ఉంటే అవి అయ్యాకే మొదలుపెట్టు. మొదలుపెట్టేది సోమవారం కాకుండా ఆదివారం కావాలి, ఎందుకంటే చిక్కు మొదలయ్యేది ఆ ఉదయమే. ఒట్టి సంకల్పంతో ఆదివారం ఏడింటికి ఎవరూ లేవరు, లేచి చేయడానికి ఏదో పని ఉండాలి. రైతు బజారుకు కూరగాయలకు వెళ్లే పని నీది అని ఇంట్లో చెప్పేయ్. ఏడున్నరకల్లా వెళితే ఆకుకూరలు ఇంకా తడిగా ఉంటాయి.